మళ్లీ వస్తే చెప్పండి

మా నాన్న షాపులో ఒక మాట ఎవరూ అనడానికి వీల్లేదు. పనివాళ్లు ఆలస్యంగా వచ్చినా ఊరుకునేవారు, రెంచీ పోగొట్టినా ఊరుకునేవారు. బండి తెచ్చిన మనిషితో "మళ్లీ వస్తే చెప్పండి" అంటే మాత్రం ఊరుకునేవారు కాదు. "మళ్లీ వచ్చేది నడిరోడ్డు మీదరా, మన షాపు ముందు కాదు. అప్పుడు ఎవడికి చెబుతాడు?" అనేవారు.

తునిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు మాది. లారీల వైరింగ్, డైనమో, సెల్ఫ్, బ్యాటరీ పనులు. ఇప్పుడు 16వ నంబరు అంటున్న జాతీయ రహదారిని అప్పట్లో 5వ నంబరు అనేవారు. విజయవాడ నుంచి విశాఖకీ, విశాఖ నుంచి మద్రాసుకీ పోయే లారీలు రాత్రంతా నడిచేవి. బ్యాటరీలో ఆమ్లం వాసన, కాలిన రాగితీగ వాసన, ఎదురుగా టీకొట్టులో మరిగే పాల వాసన కలిసిన రాత్రులవి. బంపర్ మీద తలుపులమ్మ తల్లి పేరు లేని లారీ మా దగ్గర తక్కువగా ఆగేది. ఆ తల్లి కొలువున్న లోవ మాకు దగ్గరే. ఆ దారిన బతుకుతెరువు నడిపే డ్రైవర్లకు ఆవిడే దిక్కు.

పాడైన బండి బాగు చేయడం కష్టం కాదు. స్టార్టు కాకపోతే ఎందుకు కాలేదో వెతుక్కుంటూ పోతాం, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కష్టమంతా వచ్చిపోయే కంప్లైంటుతోనే. అర్ధరాత్రి డ్రైవర్ దిగుతాడు. "ఏటోనండి, కత్తిపూడి దాటాక ఎర్రలైటు వెలిగింది. అన్నవరం కొండ కనపడేసరికి ఆరిపోయింది. ఇప్పుడు చూస్తే ఏం లేదు" అంటాడు. తాళం తిప్పితే అన్నీ సరిగ్గా ఉంటాయి. డైనమో చార్జింగ్ ఇస్తుంది, ఆంపియర్ మీటరు ముల్లు ఉండాల్సిన వైపే ఉంటుంది. ఆ క్షణంలో ఆ డ్రైవర్ ముఖం చూడాలి. తన బండి బాగుందని సంతోషించడు. తాను చూసింది చూసినట్టు నిరూపించుకోలేక చిన్నబోతాడు. పక్కనున్న క్లీనర్ కూడా నవ్వుతాడు. ఆ నవ్వు ఒకటి రెండు సార్లు తగిలిందంటే, మూడోసారి లైటు వెలిగినా డ్రైవర్ ఎవరికీ చెప్పడు.

నాకు పన్నెండేళ్లప్పుడు, మే నెలలో, మామిడికాయల లోడుతో ఒక లారీ వచ్చింది. తునిలో మామిడి సీజనంటే ఊరు ఊరంతా గడ్డి పరిచిన బుట్టలే. సువర్ణరేఖ వాసన రోడ్డు మీదికి కొట్టేది. ఆ లారీకి చార్జింగ్ లైటు ఉన్నట్టుండి వెలగడం, హెడ్‌లైట్లు మసకబారడం, మళ్లీ మామూలైపోవడం. ఇదివరకే రెండు ఊళ్లలో చూపించాడట. ఒకచోట డైనమోకి కార్బన్ బ్రష్‌లు మార్చారు, ఇంకోచోట కటౌట్ మార్చారు. డబ్బులయ్యాయి, లైటు వెలుగుతూనే ఉంది. నాన్న కాసేపు అటూ ఇటూ చూసి, పొడుగాటి తీగకి టెస్ట్ ల్యాంపు కట్టి, తీగ ఒక కొస ఇంజన్ బాడీకి, ఇంకో కొస చాసిస్‌కి పట్టించి, బల్బు క్యాబిన్‌లోకి లాక్కుని లారీ ఎక్కి కూర్చున్నారు. "నడు, నేనూ వస్తున్నా" అన్నారు. నేనూ ఎక్కాను.

తాండవ వంతెన దాటి, పాయకరావుపేట దాటి, నక్కపల్లి దారి పట్టాం. నాన్న రోడ్డు చూడటం లేదు, అరచేతిలో బల్బునే చూస్తున్నారు. చాలాసేపు ఏమీ లేదు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. ఎదురుగా బస్సు వస్తే డ్రైవర్ బ్రేకు కొట్టి, మళ్లీ లోడు మీద లారీని లాగుతూ గేరు మార్చాడు. ఇంజన్ ఒక్క కుదుపు కుదిపింది. నాన్న అరచేయి ఎర్రగా వెలిగింది. వేళ్ల సందుల్లోంచి వెలుతురు. అంతలోనే పోయింది. మళ్లీ గేరు మార్చమన్నారు. మళ్లీ వెలిగింది. యలమంచిలిలో ఆపి, టార్చి వేసి, ఇంజన్‌కీ చాసిస్‌కీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ ఊడదీసి చూపించారు. పైకి పట్టీ బాగానే ఉంది. బోల్టు కిందికి వెళ్లేచోట జడలాంటి రాగితీగల్లో నాలుగైదు పోగులు మాత్రమే మిగిలాయి. ఖాళీ లారీకి ఆ నాలుగు పోగులూ సరిపోతాయి. లోడు మీద ఇంజన్ ఒరిగినప్పుడు పట్టీ సాగి ఎర్త్ పోతుంది. షాపులో, చదును నేల మీద, ఐడిలింగులో ఎంతసేపు నిలబెట్టినా ఆ జబ్బు కనపడదు. జబ్బు రోడ్డు మీద ఉంది కాబట్టి రోడ్డు మీదికే వెళ్లాలి. తెల్లవారి ప్యాసింజర్ రైల్లో తునికి తిరిగొచ్చాం. నాన్న దారంతా నిద్రపోయారు.

నేను ఆ షాపు నడపలేదు. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి చదువుకుని, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకుని, విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరునయ్యాను. పెద్ద విమానాల వైపు వెళ్లలేదు. ఉద్యోగ జీవితమంతా పైలట్ శిక్షణ ఇచ్చే చిన్న విమానాల దగ్గరే గడిచింది. ఒక ఇంజను, ఒక ప్రొపెల్లరు, రెండు లేదా నాలుగు సీట్లు. లారీ కన్నా తేలిక, లారీ కన్నా చిన్న వైరింగు. ఇంజన్ కూడా గాలితో చల్లబడే పిస్టన్ ఇంజనే. నాన్నకి ఒకసారి హ్యాంగర్ చూపిస్తే, కౌలింగ్, అంటే పైమూత, విప్పిన ఇంజన్ ముందు చాలాసేపు నిలబడి, "ఇంతేనా? దీన్ని నమ్ముకునేనా పిల్లలు పైకెళ్లేది?" అన్నారు. చిన్నబుచ్చడానికి అన్న మాట కాదు. అది భయం.

విమానంలో లోపాన్ని మేము స్నాగ్ అంటాం. పైలట్ దిగాక టెక్ లాగ్‌లో స్నాగ్ రాస్తాడు, ఇంజనీరు చూసి ఏం చేశాడో దాని ఎదురుగా రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం పడితేనే విమానం మళ్లీ ఎగురుతుంది. స్నాగుల్లో కల్లా నిద్ర పట్టనివ్వనిది హెచ్చరిక దీపం వెలిగి, ఆరిపోయిన స్నాగ్.

ఆ దీపాల గురించి కాస్త చెప్పాలి. నాలుగు సీట్ల శిక్షణ విమానాల్లో ఎక్కువగా కనిపించే రకంలో పైలట్ ఎదురుగా బోర్డు పైభాగాన చిన్న పట్టీ ఉంటుంది. ఆయిల్ పీడనం చదరపు అంగుళానికి 20 పౌండ్ల కిందికి పడితే అందులో ఎర్రదీపం వెలుగుతుంది. 28 వోల్టుల వ్యవస్థలో కరెంటు 24.5 వోల్టుల కిందికి దిగితే ఇంకో దీపం. ఇంధనానికి, వాక్యూమ్ పంపుకి వేరే దీపాలు. ఇవి కాక ముల్లు ఉన్న మీటర్లు విడిగా ఉంటాయి. దీపానికీ మీటరుకీ వార్త మోసేవి సాధారణంగా వేర్వేరు పరికరాలు, వేర్వేరు తీగలు. అంటే ఇద్దరు సాక్షులన్నమాట. దీపం వెలిగి, ముల్లు కూడా పడిపోతే ఇక ఆలోచించడానికేం లేదు. ఆయిల్ లేని పిస్టన్ ఇంజన్‌కి ఆయుష్షు కొద్ది నిమిషాలే, కింద ఎక్కడ దిగాలో చూసుకోవాలి. దీపం వెలిగినా ముల్లు కదలకుండా ఉంటే ఇద్దరిలో ఒకరు తప్పు చెబుతున్నారు. ఎవరన్నది గాల్లో తేల్చే విషయం కాదు. దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగి నేల మీద తేల్చాలి.

ఇంకో చిక్కుంది. కొన్ని దీపాలు మామూలుగానే వెలుగుతాయి. నేల మీద ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ చాలినంత కరెంటు ఇవ్వలేక వోల్టుల దీపం వెలగొచ్చు. వేగం పెంచితే ఆరిపోతుంది. అది లోపం కాదు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారంలోనే ఈ సంగతి చెబుతాం, చెప్పకపోతే బెదిరిపోతారు. కానీ అలా చెప్పడంలోనే, వెలిగి ఆరిపోయే దీపాన్ని పట్టించుకోనక్కర్లేదన్న అలవాటు కూడా పనిలో పనిగా నేర్పుతున్నామేమోనని నాకు ఎప్పుడూ బెంగ. నాన్నా పులి కథ మనందరికీ చిన్నప్పుడే చెప్పారు. ఆ కథలో తప్పంతా కుర్రాడి మీదే వేస్తాం. నాకు మాత్రం మూడోసారి పొలంలోంచి తలెత్తని ఆ తండ్రే గుర్తుంటాడు. మూడోసారి పులి నిజంగానే వచ్చింది కదా.

మన ఇళ్లలో దీపం ఆరిపోయిందనం, కొండెక్కిందంటాం. ఆరిపోవడం అశుభం కాబట్టి ఆ మాట నోట రానివ్వం. విమానంలో హెచ్చరిక దీపం కొండెక్కితే మాత్రం అందరికీ ప్రాణం లేచొస్తుంది. "పోయింది" అంటారు సంబరంగా. పోయింది వెలుతురు మాత్రమే. దాన్ని వెలిగించింది ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. చాలా ఏళ్ల కిందటి మాట. ఆ స్కూలు పేరు, ఆ విమానం పేరు ఇక్కడ అనవసరం. పై రెక్కల శిక్షణ విమానం. "ఎగిరిన కాసేపటికి ఆయిల్ ప్రెషర్ లైటు మినుకుమంది, ముల్లు మామూలుగానే ఉంది" అని స్నాగ్ వచ్చింది. మేము కౌలింగ్ విప్పాం, నేరుగా కొలిచే గేజు బిగించి ఇంజన్ నడిపాం, పీడనం నిక్షేపంగా ఉంది. కనెక్టర్లు శుభ్రం చేశాం. దీపం వెలగలేదు. "గ్రౌండ్ రన్ చేశాం, సంతృప్తికరం" అని రాసి సంతకం. నాలుగు రోజుల తర్వాత మళ్లీ అదే స్నాగ్. ఈసారి ప్రెషర్ స్విచ్ మార్చాం. మళ్లీ సంతృప్తికరం. వారం తిరక్కుండా మూడోసారి. ఆ మూడింట్లో రెండు సంతకాలు నావి.

సంతృప్తికరం అన్న ఆ మాటలో అబద్ధం లేదు. మేము చూసినంతసేపూ సంతృప్తికరంగానే ఉంది. కానీ అది విమానం గురించి చెప్పిన మాట కాదు, మేము దాన్ని చూసిన ఆ పావుగంట గురించి చెప్పిన మాట. ఈ తేడా లైసెన్సు పరీక్షలో ఎవరూ అడగలేదు.

మూడోసారి స్నాగ్ రాసింది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి. అప్పటికి ఆమె గురించి హ్యాంగర్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఆ అమ్మాయి ఎగిరినప్పుడే వెలుగుతుందిరా ఆ లైటు" అని. భయస్తురాలన్నారు. పరీక్ష తప్పించుకోడానికన్నారు. నేను అలా అనలేదు కానీ, అంతకన్నా మంచి పనేమీ చేయలేదు. "ఇప్పుడేం లేదమ్మా. మళ్లీ వస్తే చెప్పు" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినపడింది. తునిలో రేకుల షెడ్డు కింద, ఆమ్లం మరకల చొక్కాతో నాన్న నా వైపు చూసినట్టయింది.

ఆ అమ్మాయి వాదించలేదు. మోకాలికి కట్టుకునే చిన్న ప్యాడ్ తీసింది. పైలట్లు అంకెలు రాసుకోవడానికి దాన్ని వాడతారు. అందులో పెన్సిల్‌తో సన్నగా రాసుకుంది. దీపం వెలిగిన ప్రతిసారీ టైము, ఎత్తు, ఇంజన్ వేగం, ఆయిల్ వేడి, విమానం ఏం చేస్తోంది. తొమ్మిది సార్లు వెలిగింది. తొమ్మిదింటి ఎదురుగా చివరి గడిలో ఒకటే మాట: క్లైంబ్. పైకెక్కుతున్నప్పుడు, పూర్తి పవర్ మీద. సమంగా ఎగురుతున్నప్పుడు ఒక్కసారీ లేదు, దిగుతున్నప్పుడు ఒక్కసారీ లేదు. "సర్, నేను పవర్ కొద్దిగా తగ్గిస్తే పోతోంది" అంది. మా టెక్ లాగ్‌లో "లైటు మినుకుమంది" అన్న మూడు వాక్యాలున్నాయి. ఆమె ప్యాడ్ మీద జబ్బు మొత్తం ఉంది.

నాకు యలమంచిలి గుర్తొచ్చింది. లోడు మీద ఇంజన్ ఒరుగుతుంది.

విమానం ఇంజన్‌ని ఇనుప గొట్టాల చట్రానికి, మధ్యలో రబ్బరు దిమ్మలు పెట్టి బిగిస్తారు, అదురు విమానానికి తగలకుండా. పూర్తి పవర్‌లో ప్రొపెల్లరు ఒక పక్కకి తిరుగుతుంటే ఇంజన్ రెండో పక్కకి కొద్దిగా ఒరుగుతుంది. ఎంత? వేలెడంత కూడా కాదు. అది చాలు. పైగా మేము ప్రతిసారీ కౌలింగ్ విప్పి చూశాం. కౌలింగ్ మూసి ఉన్నప్పుడు తీగల కట్టని లోపలికి నొక్కుతుంది, విప్పగానే కట్ట స్వేచ్ఛగా వెనక్కి జరుగుతుంది. అంటే వెతకడానికి మేము చేసే మొదటి పనితోనే జబ్బును దాచేస్తున్నాం.

పీడనం నిజంగా బాగుందని గేజుతో మరోసారి తేల్చుకున్నాక, చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ గారు విమానం నడుపుతానన్నారు, నేను పక్క సీట్లో కూర్చున్నాను. రన్‌వేకి దూరం పోకుండా, ఇంజన్ ఆగినా దిగగలిగేంత ఎత్తులో గుండ్రంగా తిరిగాం. అంతకుముందు ప్రెషర్ స్విచ్ నుంచి దీపం దాకా పాత తీగను అలాగే ఉంచి, దాన్ని రెండు కొసలా విప్పి, పక్కనుంచి కొత్త తీగ తాత్కాలికంగా లాగాను. ఏడు సార్లు ఎక్కాం, దీపం వెలగలేదు. దిగి, పాత తీగ తగిలించి మళ్లీ ఎక్కాం. రెండో ఎక్కుడులో మినుకుమంది. నిప్పురవ్వలాగా ఒక్కసారి. ఎండలో కనపడీ కనపడనట్టు. జీవితంలో ఒక ఎర్రలైటు చూసి అంత సంతోషపడ్డది అదొక్కసారే. ఆ అమ్మాయి తొమ్మిది సార్లు ఒంటరిగా చూసినదాన్ని పదోసారి నేనూ చూశాను.

అప్పుడు అద్దమూ టార్చీ పట్టుకుని ఆ తీగ ఒక్కదాన్నే వేళ్లతో తడుముకుంటూ పోయాను. ఇంజన్ మౌంట్ గొట్టానికి ఒకచోట తెల్లరంగు మీద ఆవగింజంత మెరుపు. రంగు అరిగి ఇనుము బయటపడింది. దాని చుట్టూ కాటుకలాంటి నల్లటి పొడి. సరిగ్గా దాని ఎదురుగా తీగ పైతొడుగు అరిగి, లోపల రాగి గీత గీసినట్టు కనిపిస్తోంది. ఆ రకం విమానంలో పీడనం పడితే స్విచ్ ఆ తీగను ఎర్త్ చేస్తుంది, దీపం వెలుగుతుంది. ఇక్కడ ఇంజన్ ఒరిగినప్పుడల్లా తీగే వెళ్లి ఇనుప గొట్టాన్ని తాకుతోంది, అదీ ఎర్తే. దీపానికి ఈ రెంటికీ తేడా తెలియదు. తీగను పట్టి ఉంచాల్సిన క్లాంపు రబ్బరు ఎండిపోయి వదులైంది. బాగుచేయడానికి అరగంట పట్టింది. ఆ ఆవగింజను వెతకడానికి మూడు వారాలు.

ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయిని హ్యాంగర్‌కి పిలిచి చూపించాను. ఎవరెవరు నవ్వారో వాళ్లందరి ముందూ చూపించాను. ఆమె వేలు పెట్టి ఆ మెరుపుని తాకింది, వేలికి నల్లపొడి అంటుకుంది. "అయితే ఉందన్నమాట" అంది. ఇంకేం అనలేదు. ఇప్పుడామె పెద్ద విమానాలు నడుపుతోంది.

ఇదొక తీగ కథే కదా, ఆయిల్ బాగానే ఉంది కదా అనొచ్చు. అలాంటి తీగ దగ్గరే పెట్రోలు గొట్టం పోతుంటే కథ వేరేగా ఉంటుంది. వచ్చిపోయే లోపం ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భమూ ఉంది. 2014 డిసెంబరు 28న ఇండోనేషియాలో సురబయ నుంచి సింగపూర్ వెళ్తున్న ఎయిర్‌ఏషియా ఎయిర్‌బస్ ఏ320 జావా సముద్రంలో కూలి 162 మంది చనిపోయారు. ఏడాది తర్వాత వచ్చిన దర్యాప్తు నివేదిక చదివి నేను ఆ రాత్రి భోజనం చేయలేదు. తోకలో చుక్కాని కదలికను అదుపులో ఉంచే పరికరంలో, ఒక ఎలక్ట్రానిక్ పలక మీద టంకం పగిలింది. వెంట్రుకంత పగులు. కలిసినప్పుడు అంతా బాగుంటుంది, విడిపోతే హెచ్చరిక వస్తుంది. అంతకుముందు పన్నెండు నెలల్లో ఆ విమానంలో ఆ లోపం 23 సార్లు నమోదైంది. ప్రతిసారీ ఏదో ఒకటి చేశారు, హెచ్చరిక పోయింది, విమానం ఎగిరింది. చివరి రోజు గాల్లో నాలుగుసార్లు వచ్చింది. నాలుగోసారి సర్క్యూట్ బ్రేకర్ లాగి పెట్టినట్టు రికార్డుల్లో ఆనవాలుంది. నేల మీద చేయదగ్గ ఆ పని గాల్లో ఆటోపైలట్‌ని కూడా తీసేసింది. ఆ తర్వాత విమానం చేతికి చిక్కలేదు.

23 అన్న అంకె దగ్గరే నేను ఆగిపోతాను. ఆ ఇరవై మూడింటిలో ఒక్కొక్కటి విడిగా చూస్తే చిన్నదే. ఒక్కో ఇంజనీరు ఒక్కో రాత్రి, చాలా మటుకు నిజాయితీగానే, చూసి సంతకం పెట్టి ఉంటాడు. ఇరవై మూడింటినీ ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి, పెన్సిల్ పట్టుకుని చూసే మనిషి ఉండాల్సింది.

పైలట్ సంగతి వేరు. ఇంజనీరుకి దీపం వెంటపడటం ధర్మం, పైలట్‌కి అదే ప్రమాదం. 2009 సెప్టెంబరు 2 ఉదయం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పాలా? ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారితో పాటు మరో నలుగురు నల్లమలలో పావురాలగుట్ట దగ్గర పోయారు. వాతావరణం భయంకరంగా ఉంది, కిందికి తోసే బలమైన గాలిలో చిక్కి అదుపు తప్పిందన్నది దర్యాప్తు సంఘం తేల్చిన కారణం. కానీ అదే నివేదికలో ఇంకో సంగతుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌కి సంబంధించిన ఒక స్నాగ్ గురించి, చెక్‌లిస్టులో సరైన పేజీ కోసం సిబ్బంది ఆరు నిమిషాలకు పైగా వెతుకుతూ ఉండిపోయారని. బయట మబ్బులు కమ్ముకుంటున్న ఆరు నిమిషాలు. ఎవరినీ తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆయిల్ హెచ్చరిక కళ్ల ముందు వెలిగితే మనసు దాని మీదికే పోతుంది, అది మనిషి స్వభావం. 1972 డిసెంబరు 29న అమెరికాలో మయామీ దగ్గర ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ వాళ్ల పెద్ద విమానం ఒకటి, ముందు చక్రం దీపం వెలగలేదని కాక్‌పిట్‌లో అందరూ ఆ బల్బు చుట్టూ చేరితే, ఎత్తు తగ్గుతోందని ఎవరూ చూడక చిత్తడి నేలలో దిగిపోయింది. 101 మంది పోయారు. చక్రం బాగానే ఉంది, మాడింది బల్బు.

అందుకే ఆ అమ్మాయి మీద నాకు అంత గౌరవం. దీపం వెలిగినప్పుడు ఆమె ఏం విప్పలేదు, ఏం లాగలేదు. పవర్ కాస్త తగ్గించింది, ముల్లు చూసుకుంది, విమానం నడుపుకుంటూ రన్‌వే వైపు తిరిగింది, మధ్యలో రెండు క్షణాలు పెన్సిల్ తీసింది. వెతకడం మాకు వదిలేసింది. వెతకాల్సిన మేము వదిలేశాం.

రిటైరయ్యాక తునికి వచ్చేశాను. అమ్మ కోసం కూడా. అమ్మకి అప్పుడప్పుడు కళ్లు తిరిగేవి. వంటింట్లో నిలబడి ఉండగా ఒక్క క్షణం గడప పట్టుకునేది, అంతే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఏమీ ఉండదు. ఈసీజీ తీస్తే మామూలే. ఎండ అన్నారు, వయసన్నారు, తిండి సరిపోవడం లేదన్నారు. రెండు చోట్ల నేను విన్న చివరి మాట అదే: మళ్లీ వస్తే తీసుకురండి. అమ్మ కూడా చెప్పడం మానేసింది. గడప పట్టుకోవడం మాత్రం నాకు కనపడేది.

కాకినాడలో ఒక పెద్దాయన, గుండె డాక్టరు గారు, అమ్మ చెప్పిందంతా చివరిదాకా విన్నారు. ఎప్పుడు, ఎంతసేపు, నిలబడితేనా, తల తిప్పితేనా అని అడిగి రాసుకున్నారు. ఆ తర్వాత హోల్టర్ మానిటర్ కట్టారు. చిన్న పెట్టె, ఛాతీ మీద తీగలు, ఒక పగలూ ఒక రాత్రీ ఒంటి మీదే ఉంటుంది. అమెరికాలో మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ 1940ల చివర్లో దాన్ని మొదట తయారుచేసినప్పుడు వీపున మోసే మూట, బరువు 85 పౌండ్లు, అంటే 38 కిలోల పైమాటే. గుండె ఆస్పత్రి మంచం మీద ఎలా కొట్టుకుంటుందో కాదు, మెట్లెక్కుతున్నప్పుడు, పనిచేసుకుంటున్నప్పుడు, నిద్రలో ఎలా కొట్టుకుంటుందో తెలియాలని ఆయన తాపత్రయం. ఈ సంగతి చదివినప్పుడు నాకు లారీ క్యాబిన్లో బల్బు పట్టుకు కూర్చున్న నాన్నే కనిపించారు.

రాత్రి మూడు గంటల వేళ అమ్మ గుండె కొన్ని క్షణాలు కొట్టుకోవడం ఆగిందని ఆ పెట్టె చెప్పింది. పేస్‌మేకర్ పెట్టారు. ఇప్పుడు గడప పట్టుకోవడం లేదు. "నేను చెబుతూనే ఉన్నాను కదరా" అంది ఇంటికొచ్చాక. కోపంగా అనలేదు. చెప్పింది చెప్పినట్టు ఇన్నాళ్లకి ఒకళ్లు నమ్మినందుకు తేలికపడి అంది.

నాన్న షాపు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో మొబైల్ రిపేరు కొట్టుంది. నాకు మాత్రం పాత పరిచయాల వల్ల ఇంటికి ఎవరో ఒకరు బండి తెస్తుంటారు. మొన్న ఆదివారం పొద్దున్నే పాయకరావుపేట నుంచి ఒక కుర్రాడు సరుకుల ఆటో తెచ్చాడు. వంతెనకి అవతల అనకాపల్లి జిల్లా, ఇవతల కాకినాడ జిల్లా. జిల్లాలు మారినా రెండు ఊళ్లకీ వాడి తమలపాకుల గంపలు తిరుగుతూనే ఉంటాయి. "ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతోందండి, మాస్టారూ. షోరూములో కంప్యూటర్ పెట్టి చూశారు, ఏం లేదన్నారు. ఇప్పుడూ వెలగట్లేదు. నేను చెప్తే ఎవరూ నమ్మట్లేదండి" అన్నాడు.

"ఎప్పుడు వెలుగుతుంది?"

"వంతెన ఎక్కేటప్పుడండి. లోడుంటేనే."

చొక్కా వేసుకుని, టార్చి, ఒక కాగితం, పెన్సిల్ తీసుకున్నాను. గంపలు ఎక్కించమన్నాను. వాడి పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. తాండవలో నీళ్లు సన్నగా పారుతున్నాయి, ఇసుక మీద చాకళ్లు బట్టలు ఆరేస్తున్నారు. వంతెన ఎక్కాం. వాడు రోడ్డు చూస్తున్నాడు, నేను లైటు చూస్తున్నాను. వెలగలేదు. అవతలి ఒడ్డున తిప్పి మళ్లీ ఎక్కించమన్నాను. వెలగలేదు. వాడి ముఖం చిన్నబోవడం మొదలైంది.

"ఏం పర్లేదు బాబూ, మళ్లీ తిప్పు" అన్నాను.